చుట్టూ గట్టు ఉందా? రొమ్ము గడ్డల మీద ఒక ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, గుంటూరు

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఇక పని మొదలుపెట్టొచ్చు. మా పాథాలజీ విభాగానికి వచ్చే రొమ్ము బయాప్సీల్లో, మామూలు స్టెయిన్‌తో (కణాలు కనిపించేలా వేసే రంగుతో) చూసినప్పుడు క్యాన్సరా కాదా అని తేలని వాటిని పక్కన పెట్టి, కణం ఏ రకమో చెప్పే ప్రొటీన్ మార్కర్లతో మళ్లీ చూడటం నా ఎండీ థీసిస్. ఈ డైరీ నా థీసిస్ కోసం కాదు. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి రిపోర్టు వచ్చే దాకా నిద్రపట్టని ఆడవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం, ఆ జవాబు లోపల ఎలా తయారవుతుందో తెలుగులో రాసి ఉంచాలని.

రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వయసులో ఉన్న అమ్మాయిల్లో చేతికి తగిలి, పట్టుకోబోతే జారిపోయే గడ్డ చాలావరకు ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. మరోపక్క మన దేశంలో ఆడవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ముదే. ప్రపంచ క్యాన్సర్ లెక్కలు ఇచ్చే గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే సుమారు 1,92,000 కొత్త కేసులు. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి ఏ గడ్డనూ "ఏం కాదులే" అని వదిలేయలేం, ఏ గడ్డనూ చూడగానే భయపడి తీసేయలేం. డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూదితో తీసిన ముక్క, ఈ మూడూ కలిపి చూస్తే చాలా కేసులు తేలిపోతాయి. తేలనివి కొన్ని మిగులుతాయి. నా పని వాటితోనే.

ప్రాజెక్టు గురించి చెప్పగానే బయోకెమిస్ట్రీలో ఉన్న నా స్నేహితురాలు అడిగింది. "రక్తంలో చూసేయొచ్చుగా? సీఏ 15-3 కిట్ మా దగ్గరే ఉంది." అడగాల్సిన ప్రశ్నే. సీఏ 15-3 అంటే మ్యూక్1 అనే ప్రొటీన్ నుంచి రక్తంలోకి వచ్చే భాగం. జబ్బు ఒళ్లంతా పాకినవాళ్లలో అది పెరుగుతుంది, మందు పనిచేస్తోందో లేదో గమనించడానికి పనికొస్తుంది. కానీ తొలిదశ క్యాన్సర్‌లో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. లివర్ జబ్బులు ఉన్నవాళ్లలో, క్యాన్సర్ కాని రొమ్ము సమస్యలు ఉన్న కొందరిలో అదే పెరిగి కనిపిస్తుంది. రక్తంలో చూసే ఇంకో మార్కర్ సీఈఏ సంగతీ అంతే. 1965లో పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపెట్టిన ఆ ప్రొటీన్ రొమ్ము గడ్డ స్వభావాన్ని తేల్చి చెప్పలేదు.

ఇది ఇంత గట్టిగా రాయడానికి కారణం, హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈ పరీక్ష చేయించుకుని, "నార్మల్ అని వచ్చిందండీ" అంటూ గడ్డను నెలల తరబడి వదిలేస్తున్నవాళ్లు ఉన్నారు. చేతికి గడ్డ తగులుతుంటే రక్తపరీక్ష కాగితం బయాప్సీని ఆపకూడదు. గడ్డలో ఏముందో గడ్డనే అడగాలి.

మే

ఎండ మండిపోతోంది. కొత్తపేటలో పదకొండు దాటాక రోడ్డు మీద మనిషి లేడు. ఇది వాతావరణం కబురు కాదు, నా ప్రాజెక్టు సమస్య.

ముందు పని క్రమం. ఫార్మలిన్‌లో నిలవ చేసి మైనంలో పెట్టిన ముక్క నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పొర కోసి, ప్రత్యేకంగా పూత పూసిన స్లైడు మీద పరుస్తాం. ఫార్మలిన్ కణజాలాన్ని కుళ్లకుండా కాపాడుతుంది కానీ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసేస్తుంది. మనం వెతికే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వచ్చి అతుక్కోవాల్సిన చోటు మూసుకుపోతుంది. ఆ ముడి విప్పడానికి వేడి వాడొచ్చని 1991లో షి, ఆయన సహచరులు చూపించారు. అంతకుముందు చాలా యాంటీబాడీలు ఇలాంటి మైనపు బ్లాకుల మీద సరిగా పనిచేసేవే కావు. వాళ్లు మైక్రోవేవ్ వాడారు. మా ల్యాబ్‌లో ఇళ్లలో వాడే స్టీల్ ప్రెషర్ కుక్కరే. అందులో బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) పోసి స్లైడ్లు పెట్టి, ప్రెషర్ పూర్తిగా ఎక్కాక టైమర్ నొక్కుతాం. కొన్ని యాంటీబాడీలకు పీహెచ్ 6 సిట్రేట్ కావాలి, కొన్నిటికి పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏ. దించాక చల్లారేదాకా ఆగాలి. తొందరపడి చన్నీళ్లు పోస్తే పొర స్లైడు మీద నుంచి లేచిపోతుంది.

తర్వాత కణజాలంలో సహజంగా ఉండే, రంగును తప్పుగా తేల్చే పెరాక్సిడేజ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అణచాలి. యాంటీబాడీ వేయాలి, దాన్ని గుర్తించే రెండో రసాయనం వేయాలి, చివర రంగు తేల్చే డీఏబీ. వెతుకుతున్న ప్రొటీన్ ఉన్న చోట గోధుమరంగు తేలుతుంది. మిగతా కణాలు హెమటాక్సిలిన్‌తో నీలంగా కనిపిస్తాయి. డీఏబీ క్యాన్సర్ కలిగించగలదన్న అనుమానం ఉన్న రసాయనం కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోం, సింకులో పారబోయం.

ఇప్పుడు ఎండ సంగతి. కిట్ కాగితంలో "గది ఉష్ణోగ్రత వద్ద ఉంచండి" అని ఉంటుంది. వాళ్ల గది 20 నుంచి 25 డిగ్రీలు. మేలో మా గది ఏసీ ఆగితే ఎక్కడికి పోతుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. వేడికి యాంటీబాడీ చుక్క అంచుల్లో ఆరిపోతుంది. ఆరిన చోట ప్రొటీన్ ఉన్నా లేకపోయినా గోధుమరంగు పట్టేస్తుంది. అందుకే మా సీనియర్ టెక్నీషియన్ అన్న ఒక పద్ధతి పెట్టారు. తడి టిష్యూ పరిచిన మూత డబ్బాలోనే స్లైడ్లు ఉంటాయి, ఆ గదిలో ఫ్యాన్ వేయకూడదు, కరెంటు పోతే ఆ బ్యాచ్‌ను ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల వద్దకు మార్చి రాత్రంతా ఉంచాలి. "టైమ్ పోతే పోయింది మేడమ్, స్లైడు పోతే ఆ ముక్క మళ్లీ రాదు" అంటారాయన. కోర్ బయాప్సీ అంటే దారమంత ముక్క. నిజంగానే మళ్లీ రాదు.

జూన్

ఈ నెల అసలు విషయం మొదలైంది. దీని గురించి తీరిగ్గా రాయాలి.

రొమ్ములో పాల నాళాలు, పాల గ్రంథులు రెండు వరుసల కణాలతో కట్టి ఉంటాయి. లోపలి వరుస పాలు తయారుచేసే కణాలది. దాని చుట్టూ బయట ఇంకో వరుస, మయోఎపిథీలియల్ కణాలు. బిడ్డ తాగేటప్పుడు పాలు బయటికి నెట్టడం వీటి పని. పొలం చుట్టూ గట్టులాగా ఈ వరుస ప్రతి నాళం చుట్టూ ఉంటుంది. గడ్డ ఎంత వికారంగా కనిపించినా, గ్రంథులు ఎంత నలిగి వంకర్లు పోయినా, చుట్టూ గట్టు ఉంటే లోపలి కణాలు బయటి కణజాలంలోకి చొరబడలేదన్నమాట. చొరబడిన క్యాన్సర్ గుంపుల చుట్టూ ఈ గట్టు ఉండదు.

సమస్యేమిటంటే మామూలు హెచ్ అండ్ ఈ స్టెయిన్‌లో ఈ వరుస సన్నగా ఉండి, ఒక్కోసారి అసలు కనిపించదు. స్క్లెరోసింగ్ అడినోసిస్ అనే పరిస్థితిలో గ్రంథులు గట్టి నారలాంటి కణజాలం మధ్య నలిగి సన్నని వరుసలుగా కనిపిస్తాయి. చూస్తే అచ్చం క్యాన్సర్ పాకుతున్నట్టే ఉంటుంది. రేడియల్ స్కార్ మామోగ్రామ్‌లోనూ నక్షత్రం ఆకారంలో కనిపించి రేడియాలజిస్టునే కలవరపెడుతుంది. రెండూ క్యాన్సర్ కావు. కానీ దారమంత ముక్కలో అందులో ఒక మూల మాత్రమే దొరికితే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తటపటాయిస్తారు.

ఇక్కడ మార్కర్లు పనికొస్తాయి. నేను మొదట తీసుకున్నది పీ63. పీ53 అనే ప్రొటీన్ కుటుంబానికి చెందిన ఈ ప్రొటీన్ మయోఎపిథీలియల్ కణాల న్యూక్లియస్‌లో ఉంటుందని 2001లో బార్బరెస్కి బృందం ప్రచురించింది. న్యూక్లియస్‌లోనే ఉంటుంది కాబట్టి స్పష్టంగా, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. రక్తనాళాలు, నారకణాలు దీంతో రంగు పట్టవు, అదే దీని గొప్ప గుణం. లోటేమిటంటే చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ ఉంటుంది. బాగా నలిగిన గ్రంథి చుట్టూ ఆ ఖాళీలు పెరిగి, గట్టు తెగిందేమో అనిపిస్తుంది.

అందుకని రెండోది స్మూత్ మజిల్ మయోసిన్ హెవీ చెయిన్. ఇది కణం ఒళ్లంతా పట్టి గీతలాగా కనిపిస్తుంది. రక్తనాళాల గోడలు కూడా దీంతో రంగు పడతాయి, కాబట్టి ఏది నాళమో ఏది రక్తనాళమో చూసుకోవాలి. కాల్పోనిన్ కూడా వాడొచ్చు. స్మూత్ మజిల్ యాక్టిన్ చౌకగా, తేలిగ్గా దొరుకుతుంది కానీ నేను దాన్ని పక్కన పెట్టాను. క్యాన్సర్ చుట్టూ చేరే మయోఫైబ్రోబ్లాస్టులు (కండర గుణం ఉన్న నారకణాలు) కూడా దాంతో గోధుమరంగు పడతాయి. లేని గట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పనిలో అంతకన్నా ప్రమాదం లేదు.

ప్రతి స్లైడులో ముందు వెతికేది గడ్డను కాదు, పక్కనే ఉన్న మామూలు నాళాన్ని. దాని చుట్టూ పీ63 చుక్కలు సరిగ్గా వస్తేనే గడ్డ దగ్గర ఏమీ లేకపోవడానికి అర్థం ఉంటుంది. మామూలు నాళమే పాలిపోయి ఉంటే ఆ స్లైడు మీద ఏ మాటా చెప్పకూడదు. "లేదు అనడానికి ముందు, ఉంటే కనపడేదని రుజువు చెయ్యమ్మా" అన్నారు మా ప్రొఫెసర్ గారు.

జులై

ఒక రిపోర్టు పట్టుకుని ఒకాయన, వాళ్లమ్మాయి విభాగం గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆసుపత్రిలో రిపోర్టు డాక్టరు చేతికి వెళ్లకముందే ఇంట్లోవాళ్లు చదివేస్తారు. ఆయన వేలు పెట్టి చూపించారు.

"మేడమ్ గారూ, ఇక్కడ పాజిటివ్ అని ఉందండీ. అంటే ఆ జబ్బేనాండీ?"

పీ63 పాజిటివ్. రిపోర్టు ఆయన భార్యది, ఆమె విషయంలో అది మంచి వార్త. గట్టు ఉంది, పాకలేదు, స్క్లెరోసింగ్ అడినోసిస్. నేను చెప్పినదంతా విన్నాక కూడా ఆ అమ్మాయి, "మరి అమ్మకి ఏమీ లేదా అక్కా?" అని మళ్లీ అడిగింది. లేదు, సర్జన్ గారు చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే చాలని చెప్పాను. ఆయన అక్కడే గోడకు ఆనుకుని కాసేపు అలా నిలబడిపోయారు.

ఆ రోజు నుంచి మా రిపోర్టుల్లో మార్కర్ల పట్టిక పైన ఒక వాక్యం తెలుగులో రాయాలని ప్రొఫెసర్ గారిని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. ఒక్కో మార్కర్‌కు పాజిటివ్ అంటే వేరే అర్థం. పీ63 గ్రంథి చుట్టూ పాజిటివ్ అయితే ధైర్యం. ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్) పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. మామూలు రొమ్ము నాళాల్లో కూడా అక్కడక్కడా ఈఆర్ ఉంటుంది. క్యాన్సర్ అని తేలిన తర్వాత ఒక్క శాతం కణాల్లో ఈఆర్ ఉన్నా పాజిటివ్ అంటారు, హార్మోన్ మాత్రలు వాడాలా లేదా అన్నది దానిమీద ఆధారపడుతుంది. కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్ హెర్2 కూడా అంతే. అది రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతంలో ఎక్కువగా ఉంటుంది, 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ మందు వాటి కోసమే. ఇవి చికిత్స నిర్ణయించే మార్కర్లు. గడ్డ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి వీటిని అడగకూడదు. కీ-67 కూడా చాలామంది అడుగుతారు. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో తయారైన యాంటీబాడీ, పేరులో కీ అందుకే వచ్చింది. కణాలు ఎంత చురుగ్గా విభజిస్తున్నాయో చెబుతుంది. క్యాన్సర్ కాని గడ్డల్లోనూ కణాలు విభజిస్తాయి, కాబట్టి ఒక అంకె దగ్గర గీత గీసి ఇటు మంచి, అటు చెడు అనలేం.

ఆగస్టు

పీ63 మీద నమ్మకం పెరిగిన సమయంలో ప్రొఫెసర్ గారు పాత బ్లాకులు కొన్ని నా ముందు పెట్టారు. నిర్ణయం ఏమిటో చెప్పలేదు. "చదివి చెప్పు" అన్నారు.

మొదటి దానిలో చిన్న చిన్న గుండ్రటి గ్రంథులు కొవ్వులోకి చెదిరి ఉన్నాయి. పీ63 ఎక్కడా లేదు. మయోసిన్ కూడా లేదు. నేర్చుకున్న లెక్క ప్రకారం క్యాన్సర్. కానీ కణాలు ఒద్దికగా, ఒకే వరుసలో ఉన్నాయి. ఎస్100 అనే ఇంకో మార్కర్ వేస్తే బాగా పట్టింది, ఈఆర్ లేదు, పునాది పొరను చూపే కొల్లాజెన్ 4 వేస్తే ప్రతి గ్రంథి చుట్టూ పునాది పొర కనిపించింది. ఇది మైక్రోగ్లాండ్యులర్ అడినోసిస్. గట్టు లేకపోయినా క్యాన్సర్ కాని అరుదైన పరిస్థితి. గట్టు సూత్రానికి ఇది మినహాయింపని పుస్తకంలో చదవడం వేరు, ఆ స్లైడును కళ్లతో చూడటం వేరు. ఇది మార్కర్ ఒక్కటే చూసే చేతిలో పడితే ఆమె రొమ్ము పోయేది.

రెండోది దానికి తలకిందులు. పొడుగాటి కండె ఆకారపు కణాలు, పీ63 పుష్కలంగా పాజిటివ్. జులైలో ఆ పెద్దాయనకు నేను చెప్పిన మాటే ఇక్కడ చెబితే ఘోరం అయ్యేది. ఇక్కడ పీ63 గ్రంథి చుట్టూ లేదు, గడ్డ కణాల్లోనే ఉంది. అది మెటాప్లాస్టిక్ కార్సినోమా, క్యాన్సరే. ప్రొటీన్ అదే, యాంటీబాడీ అదే, రంగు అదే. ఎక్కడ ఉంది అన్నదే జవాబును తిప్పేసింది.

ఇంకో సంగతి కూడా ఆ బ్లాకుల్లోనే ఉంది. డీసీఐఎస్, అంటే నాళం లోపలే ఉన్న క్యాన్సర్. చుట్టూ గట్టు అలాగే ఉంటుంది. గట్టు ఉంది కాబట్టి క్యాన్సర్ కాదు అనడానికి వీల్లేదు, ఇంకా బయటికి చొరబడలేదు అనే చెప్పాలి. లోపలి కణాల రూపాన్ని హెచ్ అండ్ ఈలోనే చదవాలి.

నాళం లోపల కణాలు గుమికూడినప్పుడు అది మామూలు పెరుగుదలా, డీసీఐఎస్ వైపు నడిచేదా అన్న సందేహానికి సీకే 5/6 (సైటోకెరటిన్ ప్రొటీన్లు), ఈఆర్ జంట సాయపడుతుంది. మామూలు పెరుగుదలలో సీకే 5/6 అక్కడక్కడా గచ్చు ముక్కల్లా పడుతుంది, ఈఆర్ కొన్ని కణాల్లో ఉండి కొన్నిట్లో ఉండదు. తక్కువ గ్రేడు డీసీఐఎస్‌లో సీకే 5/6 ఉండదు, ఈఆర్ అన్ని కణాల్లో ఒకేలా గట్టిగా ఉంటుంది. కణాలు చెమట గ్రంథి కణాల్లా మారే అపోక్రైన్ మార్పులున్న చోట ఈ జంట దారి తప్పిస్తుంది. అక్కడ క్యాన్సర్ లేకపోయినా సీకే 5/6 రాదు.

సెప్టెంబర్

చదవడం ఒక్కరి పని కాకూడదని ముందే అనుకున్నాం. నేను, ఇంకో అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్, ఒకరి నిర్ణయం ఒకరికి తెలియకుండా అవే స్లైడ్లు చదువుతున్నాం. మా ఇద్దరి మాట ఎంత కలుస్తోందో కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా లెక్కతో చూస్తాం. యాదృచ్ఛికంగా కలిసినవాటిని పక్కకు తీసేసి అసలు ఏకాభిప్రాయాన్ని మాత్రమే అది కొలుస్తుంది. అంకెలు పూర్తయ్యాకే బయట పెడతాను. ఇప్పటికి చూసినంత వరకు, రెండు మార్కర్లు పక్కపక్కన ఉన్నప్పుడు మా ఇద్దరికీ వాదన తక్కువ, ఒక్క పీ63 మాత్రమే ఉన్న చోట ఎక్కువ.

వాదన ఎక్కువైన ఇంకో చోటు స్లైడులో కాదు, సీసాలో మొదలైంది. పల్నాడు, బాపట్ల వైపు ఊళ్ల నుంచి బస్సుల్లో ముక్కలు వస్తాయి. కొన్ని సెలైన్‌లో వస్తాయి, కొన్ని ముక్క తడిసేంత కొద్ది ఫార్మలిన్‌లో. బఫర్ కలపని ఫార్మలిన్ ఆమ్లంగా మారి రక్తంతో కలిసి గోధుమ-నలుపు పొడి వదులుతుంది. డీఏబీ రంగు పక్కన అది నిజంగా కంగారు పెడుతుంది. పిక్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌తో ముందే తొలగించి ఆ తర్వాతే స్టెయిన్ చేస్తున్నాం.

అందుకే సర్జన్లకు ఒక కాగితం తయారుచేసి పంపాం. ముక్క తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో వేయండి. ముక్కకు పది రెట్లు ద్రవం ఉండాలి. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ మాత్రమే వాడండి, అందులో కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకుండా. ఏ టైముకు వేశారో లేబుల్ మీద రాయండి. నరసరావుపేట నుంచి ఒక సర్జన్ గారు ఫోన్ చేసి, బఫర్డ్ ఫార్మలిన్ ఎక్కడ దొరుకుతుందో అడిగారు. మేమే సీసాలు నింపి పంపుతామన్నాం. ఆ ఊరి నుంచి వచ్చే ముక్కల్లో మామూలు నాళం చుట్టూ చుక్కలు ఇప్పుడు శుభ్రంగా వస్తున్నాయి.

ఇక్కడికి మిగిలిన పని

పాపిల్లరీ గడ్డల (కొమ్మల్లా పెరిగే గడ్డల) విడత ఇంకా ముట్టుకోలేదు, ఆ విడతే కష్టం. మామూలు ఇంట్రాడక్టల్ పాపిల్లోమాలో కొమ్మల వెంబడి మయోఎపిథీలియల్ కణాలు ఉంటాయి. ఎన్‌క్యాప్సులేటెడ్ పాపిల్లరీ కార్సినోమాలో లోపలా ఉండవు, అంచునా ఉండవు, అయినా అది చాలావరకు నాళంలోనే ఉన్న జబ్బులా మెలుగుతుంది. అందుకని ఆ విడతకు గట్టు ఒక్కటే చాలదు, సీకే 5/6, ఈఆర్ కూడా ప్రతి బ్లాకుకూ వేయాలి. కొత్త మయోసిన్ సీసా వచ్చింది. దాన్ని టాన్సిల్ మీద, మామూలు రొమ్ము మీద వేర్వేరు పలుచనల్లో పరీక్షించి, ఏ పలుచన బాగుందో తేలాకే కేసులకు వాడతాం. బ్లాకుల జాబితా ప్రొఫెసర్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన సంతకం అవగానే కోయడం మొదలుపెడతాం.